కన్ను మూయని పుస్తకాలు

విఠల్‌రావు పొద్దున్నే చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగి, చంకలో కాగితాల కట్ట పెట్టుకుని షాలిబండ ఎత్తు ఎక్కేవాడు. సందు మలుపులో పచ్చ తలుపుల ఇల్లు సూర్యప్రభమ్మది. ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చాలాకాలం చేసి ఆమె ఇంట్లో కూర్చున్నది. అన్నదమ్ములు గుడి సేవలో ఉన్నారు. ఆమె మాత్రం నవలలు రాసింది. విఠల్‌రావు వెళ్ళేసరికి ఆమె వరండాలో గోడకు ఆనుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండేది. అతడు ముందురోజు రాసుకున్న సీను చదివేవాడు. ఆమె తల ఎత్తకుండా వినేది. చదవడం అయ్యాక "ఇది నాదే" అనేది, లేకపోతే "ఇది నాది గాదు" అనేది. రెండో మాట వచ్చిన రోజు అతడు ఎదురు చెప్పకుండా కాగితాలు చుట్టుకుని ఎత్తు దిగిపోయేవాడు.

అది రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు. విఠల్‌రావు ఒక దినపత్రికలో ఉద్యోగం వదులుకుని, ఆమె నవలను సినిమాగా తీస్తున్నాడు. అంతకుముందు అతడు సినిమా తీయలేదు. మద్రాసులో ఒక డైరెక్టరు దగ్గర కొంతకాలం నిలబడి చూసి వచ్చాడు, అంతే.

నవల పేరు 'మూగపట్నం'. అందులో ఒక ఊరు. ఆ ఊళ్ళో ప్రతి శుక్రవారం దండోరా వేస్తారు. మొదట పద్యాల పుస్తకాలు ఇక వద్దన్నారు. తర్వాత కథలు. ఆ తర్వాత చరిత్ర, వైద్యం, వంటలు, చివరికి పంచాంగం కూడా వద్దన్నారు. తగలబెట్టడానికి సిపాయిలు రారు. ఇళ్ళలో సోదాలు ఉండవు. దండోరా విన్న జనమే తమ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చి, ఊరి నడుమ మెట్లబావిలో ముంచి పోతారు. చివరి అధ్యాయానికి పిల్లల వాచకాలు ఒక్కటే మిగులుతాయి. ఆ రోజు ఊరంతా వస్తుంది, ముంచుతుంది, ఇళ్ళకు పోతుంది. ఒక్కరూ ఏడవరు. నవలలో ఆఖరి వాక్యం ఇది: 'ఆ పూట అందరి ఇళ్ళలో వంకాయకూర బాగా కుదిరింది.'

సమీక్ష కోసం ఆఫీసుకు వచ్చిన ప్రతిలో విఠల్‌రావు ఆ వాక్యం చదివాడు. చదివి, ముందున్న ప్రూఫులు పక్కకు నెట్టి, కిందికి దిగి సిగరెట్టు తాగి వచ్చాడు. లూటీలు, కర్ఫ్యూలు, కాల్పులు వార్తలుగా చాలా రాసినవాడు. వాటిలో ఏదీ అతణ్ణి ఆ వంకాయకూరంత భయపెట్టలేదు. ఆ నవల రాసిన మనిషి తను రోజూ సైకిలు మీద పోయే సందులోనే ఉంటుందని తెలిసినప్పుడు అతడికి కొంచెం గర్వం కూడా కలిగింది.

సినిమాకు ఆమె ఒప్పుకున్నది గాని ఒక షరతు పెట్టింది.

"ఆఖర్ల ఎవ్వరు ఏడ్వద్దు. ఎవ్వరు అడ్డం రావద్దు. మునిగిన పుస్తకం పైకి తేలద్దు. ఇవి ఒప్పుకుంటెనే తియ్యి విఠల్. ఒక్క కన్నీటి చుక్క పడ్డా నా కథ నాకు వాపస్ ఇయ్యాలె."

ఆమె మాట అంటే మాటే. కథ వాపసు పోతే సినిమా పోయినట్టే. సినిమా పోతే విఠల్‌రావు తిరిగిపోవడానికి ఉద్యోగం కూడా లేదు. అయినా ఆ షరతు అతడికి నచ్చింది. తను ఆమె స్థానంలో ఉన్నా అదే అడిగేవాణ్ణి అనుకున్నాడు.

ఆ నవల తర్వాత ఆమె కలం పట్టలేదు. ఎందుకని ఒకసారి అడిగాడు.

"అందరు పుస్తకాలు ముంచిపోయిన్రు గద," అన్నది ఆమె చిక్కుడు ఈనె లాగుతూ. "ఇంక రాసి ఏడ పెడ్త?"

అది వేళాకోళమో నిజమో అతడికి తెలియలేదు. కానీ ఆమె ఇంట్లో సిరాబుడ్డి ఎక్కడా కనబడకపోవడం అతడు గమనించాడు.

*

సినిమాకు పెట్టుబడి పెట్టింది గుండయ్య. ఉస్మాన్‌గంజ్‌లో కాగితాల టోకు వ్యాపారి. మనిషి మంచివాడు, భయస్తుడు. షరతు విన్నప్పటి నుంచి అతడికి నిద్ర పట్టలేదు.

"రావుసాబ్, టికెట్ కొన్నోడు వంకాయకూర కోసం రాడు," అన్నాడు. "ఆఖర్ల హీరోను జర బావిల దుంకియ్యి. రెండు పుస్తకాలు చంకల పెట్టుకొని పైకి రానీ. పబ్లిక్ సీటీలు కొడ్తరు."

"దుంకితే పంతులమ్మ కథ వాపస్ తీస్కుంటది సేట్."

"ఆమెతోని నేను మాట్లాడ్త. మీకు మాట్లాడొస్తలేదు."

గుండయ్య కొత్త కండువా వేసుకుని షాలిబండ ఎక్కాడు. మధ్యాహ్నానికి దిగి వచ్చాడు.

"ఏమన్నది?" అని అడిగాడు విఠల్‌రావు.

"చిక్కుడుకాయలు ఒల్వమన్నది."

"మీరేమన్నరు?"

"ఒలిచొచ్చిన," అన్నాడు గుండయ్య, గోళ్ళు చూసుకుంటూ.

ఆ తర్వాత అతడు దుంకడం మాట ఎత్తలేదు.

మిగిలిన సినిమా అంతా అయింది. ఆఖరి సీను మిగిలింది. దానికి షాలిబండలోనే, పాడుబడిన నవాబు భవంతి, అందరూ దేవిడి అనేది, దాని వెనక ఒక మెట్లబావి దొరికింది. మూడు పక్కలా మెట్లు, అడుగున ఆకుపచ్చ నీళ్ళు. ఇక వందల పుస్తకాలు కావాలి. గుండయ్య తన గోదాములో పడి ఉన్న పాత లెక్కల పుస్తకాలు బండ్లకెత్తి పంపుతానన్నాడు. విఠల్‌రావు వద్దన్నాడు.

"పుస్తకాల మీద సినిమా తీసుకుంట పుస్తకాలనే నీళ్ళల్ల ముంచుడేంది సేట్?"

"అరే, ఎర్రపద్దులు రావుసాబ్ అవి! పుస్తకాలా?"

"అవి గూడ ఎవరో కూసొని రాసినయే గద."

అట్టతో చేయిస్తే తేలాయి. చెక్కతో చేయిస్తే ఇంకా దర్జాగా తేలాయి. నీళ్ళలో వేయగానే మునిగిపోయి, పుస్తకంలా కనబడేది ఏముందని రెండు రోజులు ఆలోచించి, విఠల్‌రావు ధూల్‌పేట పోయాడు.

*

ధూల్‌పేటలో వినాయకులను చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. అన్ని ఇళ్ళ విగ్రహాలకూ కళ్ళుంటాయి. రుక్మాబాయి విగ్రహాలు ఆ కళ్ళతో చూస్తాయి. అన్ని రంగులూ ఆరాక ఆమె సన్నని కుంచెతో నల్లచుక్క పెడుతుంది. చుక్క పడగానే రెప్పలు రెండుసార్లు కొట్టుకుంటాయి. ఇక ఆ విగ్రహం ఆమె పెరట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగితే విగ్రహాలన్నీ ఒక్కసారి అటు చూస్తాయి. ఆమె లేచిపోయి గిన్నె దించుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళు వాటి ఎదుట బేరం ఆడలేక ఆమెను సందులోకి పిలిచి అడుగుతారు. పండుగ అయ్యాక నీళ్ళలో దించితే విగ్రహం తనంతట తాను కళ్ళు మూసుకుంటుంది. అది మూసుకునేదాకా గట్టు మీద నిలబడాలి. పాతబస్తీలో అందరికీ తెలిసిన రివాజు అది.

రుక్మాబాయి విఠల్‌రావు తెచ్చిన పుస్తకాన్ని జానతో కొలిచింది. బరువు చూసింది.

"గణపతులు అడుగుతరు, లక్ష్ములు అడుగుతరు," అన్నది. "కితాబులు ఎవ్వరు అడగలే భయ్యా."

"అచ్చం పుస్తకం లెక్క ఉండాలె బాయీ. నీళ్ళల్ల ఏస్తె మునగాలె."

"మట్టి మునగక ఈత కొడ్తదా?"

విఠల్‌రావు వారం పాటు రోజూ పోయి చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు. ఆమె అచ్చులో మట్టి నొక్కి తీసి, పుటల అంచులకు చెక్క దువ్వెనతో గీతలు గీసేది. ఆ గీతలు అన్నీ ఒకేలా ఉండేవి కావు. కొన్ని పుస్తకాలకు మూల మడిచినట్టు, కొన్నిటికి వెన్ను పగిలినట్టు, ఒకదానికి పిల్లెవరో నోట్లో పెట్టుకున్నట్టు అంచు నలిగి ఉండేది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. చదివిన పుస్తకం ఎలా ఉంటుందో ఆమె చేతికి తోచింది, చేసింది. పద్దెనిమిది పంక్తుల వార్తలో కూడా అంత శ్రద్ధ పెట్టేవాళ్ళను విఠల్‌రావు తక్కువమందినే చూశాడు.

షూటింగు రోజు పుస్తకాలు తోపుడుబండ్ల మీద, తడి గోనెసంచులు కప్పుకుని దేవిడికి వచ్చాయి. విఠల్‌రావు మొదటి బండి మీది సంచి ఎత్తాడు.

వందల కళ్ళు అతణ్ణి చూశాయి.

ప్రతి అట్ట మీదా, పేరు ఉండవలసిన చోట, రెండు కళ్ళు. ఎండ పడగానే అవన్నీ చికిలించాయి.

"కండ్లెందుకు పెట్టినవ్ బాయీ?" అన్నాడు విఠల్‌రావు, నీరసంగా.

"కండ్లు పెట్టనిది నా ఇంట్లకెల్లి ఎన్నడు బయటికి పోలే," అన్నది రుక్మాబాయి. "మీరు వద్దని చెప్పిన్రా?"

విఠల్‌రావు గుర్తుచేసుకున్నాడు. సైజు చెప్పాడు, రంగు చెప్పాడు, బరువు చెప్పాడు. అది చెప్పలేదు. పుస్తకానికి కళ్ళు పెట్టవద్దని చెప్పాలని ఎవరికి తోస్తుంది?

"చెప్పలే," అన్నాడు.

"మరి?"

గుండయ్య బండి చుట్టూ తిరిగాడు. కళ్ళన్నీ అతడితో పాటు తిరిగాయి. "జర నల్లరంగు తెప్పించి పూసేస్తె..." అని మొదలుపెట్టి, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసి, "ఊకె అన్న," అని ఆగిపోయాడు. తెరిచిన కళ్ళ మీద రంగు పూసే మనిషి ఆ సందులో లేడు. చెప్పిన అతడు కూడా పూయలేడు.

వాయిదా వేయడానికీ వీల్లేదు. అద్దె కెమెరా మర్నాడు మద్రాసు బండి ఎక్కాలి. ముడి ఫిలిం దొరకడమే గగనంగా ఉన్న రోజులు, మిగిలింది ఒకే రీలు. బావి అడుగుకు ఎండ పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడే పడుతుంది. ఆఖరికి కెమెరామన్ ప్రహ్లాద్ ఒక దారి చెప్పాడు.

"ఫికర్ చెయ్యకున్రి సాబ్. బోర్ల పట్టుకొని రమ్మనున్రి. కెమెరాకు ఈపులే కనపడ్తయి. నీళ్ళల్ల పడ్డంక కండ్లు మూసుకుంటయి గద, కిస్సా ఖతం."

*

ఊరి జనంగా నటించడానికి షాలిబండ, గౌలిపుర జనమే వచ్చారు. గుండయ్య భార్య సుగుణమ్మ అందరికంటే ముందు నిలబడింది. పాత చీర కట్టుకుని రమ్మంటే కొత్త నారాయణపేట చీర కట్టుకుని వచ్చింది. "బీరువల ఇదే పాతది," అన్నది. నిర్మాత భార్యతో ఎవరూ వాదించలేదు.

సూర్యప్రభమ్మ గొడుగు వేసుకుని వచ్చింది. ఆమెకు కెమెరా పక్కనే, గట్టు మీద కుర్చీ వేశారు. ఆమె దేనికి వచ్చిందో అందరికీ తెలుసు. ఏడుపులు ఉన్నాయో లేవో చూడడానికి వచ్చింది.

విఠల్‌రావు మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పాడు. "ఏడ్వద్దు. నవ్వద్దు. కెమెరాను చూడద్దు. బాయికి నీళ్ళకు వచ్చినట్టు రాండ్రి. పుస్తకం నీళ్ళల్ల ఇడ్వండ్రి. ఎనక్కి తిరిగి చూడకుంట ఇంటికి పోండ్రి. ఇంట్ల కూర మాడుతున్నదనుకోండ్రి."

"ఏం కూర?" అన్నారెవరో.

"వంకాయ," అన్నది సూర్యప్రభమ్మ గొడుగు కింది నుంచి.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఎండ అడుగు మెట్టును తాకింది. ప్రహ్లాద్ కెమెరా తిప్పాడు. సుగుణమ్మ పుస్తకాన్ని బోర్లా పట్టుకుని మెట్లు దిగింది. నడక బాగుంది. మొహంలో ఏమీ లేదు. విఠల్‌రావు లోపల్లోపల ఆశ్చర్యపోయాడు: ఈమె నిజంగా నటిస్తున్నది. ఆమె ఆఖరి మెట్టు మీద వంగింది. నీళ్ళలో వదలడానికి పుస్తకాన్ని వెల్లకిలా తిప్పింది.

పుస్తకం ఆమెను చూసింది.

సుగుణమ్మ ఆగింది. బొడ్డున దోపుకున్న కుంకుమ భరిణె తీసి, పుస్తకానికి బొట్టు పెట్టింది.

"ఏయ్ సుగుణా!" అని గుండయ్య గట్టు మీది నుంచి అరిచాడు. ఆ సీనుకు మాటలు లేవు, మైకు పెట్టలేదు కాబట్టి నష్టం లేదు. "బొట్టేంది! పుస్తకానికి బొట్టేంది!"

"కండ్లు తెరిచిందాన్ని బొట్టు లేకుంట సాగనంపుతరా?" అన్నది ఆమె వెనక్కి తిరగకుండానే. "మీరు ఊకోండ్రి."

ఆమె పుస్తకాన్ని ఒకసారి ముంచి తీసింది. రెండోసారి ముంచి తీసింది. మూడోసారి చేతులు వదిలేసింది. వదిలి, ఇంటికి పోలేదు. పక్కకు జరిగి నిలబడి, నీళ్ళలోకి చూస్తున్నది. వెనక వచ్చిన మనిషికి ఆమె భరిణె అందించింది. అతడూ అలాగే చేశాడు. ఆ వెనక ఒకామె, ఆ వెనక ఇంకొకరు. చెప్పినట్టు ఎవరూ చేయలేదు. వాళ్ళందరికీ చిన్నప్పటి నుంచి వచ్చినట్టు చేశారు. మూడు పక్కల మెట్ల నిండా జనం నిలబడిపోయారు. ఒక్కరూ ఏడవలేదు. ఒక్కరూ కదలలేదు.

"సాబ్," అన్నాడు ప్రహ్లాద్ కెమెరాలోంచి కన్ను తీయకుండా. "ఆపాల్నా?"

విఠల్‌రావు నోరు తెరిచాడు. రెండో ఫిలిం లేదు, రెండో బండెడు పుస్తకాలు లేవు. నవలలో లేనిదేదో కళ్ళ ముందు నడుస్తున్నది. పక్కనే కుర్చీలో దాని రచయిత్రి కూర్చుని ఉన్నది. ఆపమంటే మిగిలిన ఫిలిమన్నా దక్కుతుంది. కానీ అతడు పత్రికల మనిషి. జరుగుతున్నదాన్ని సగంలో ఆపమనడం అతడికి చేతకాలేదు.

"నడవనీ," అన్నాడు.

అప్పుడు జనం ఎందుకు నిలబడ్డారో అతడికి అర్థమైంది. పుస్తకాలు కళ్ళు మూసుకోలేదు.

వినాయక విగ్రహాలు నీళ్ళలో దించిన కాసేపటికే మూసుకుంటాయి. ఇవి మూసుకోలేదు. అడుగు మెట్ల మీద, మెట్ల కింద, నీటి అడుగున వందల పుస్తకాలు కళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నాయి. ఎండ నీళ్ళను చీల్చుకుని వాటి మీద పడుతున్నది. అవి ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు చూస్తున్నాయి. అన్ని కళ్ళూ ఒకే వైపు ఉన్నాయి. మెట్ల మీది జనం ఒక్కొక్కరే తలలెత్తి, అవి చూస్తున్న వైపు చూశారు. అక్కడ గొడుగు కింద సూర్యప్రభమ్మ ఉన్నది.

"అమ్మా," అన్నది కింది నుంచి సుగుణమ్మ, ఇంటికొచ్చినవాళ్ళను లోపలికి పిలిచినట్టు. "మీ కోసమే చూస్తున్నయి. జర రాండ్రి. ఇవి కండ్లు మూస్తెగాని మేం ఇండ్లకు పోరాదు."

సూర్యప్రభమ్మ గొడుగు మడిచింది. కుర్చీలోంచి లేచింది. పక్క మెట్ల మీదుగా, ఒక చేత్తో గోడ పట్టుకుని దిగింది. జనం దారి ఇచ్చారు. దిగుతూ దిగుతూ ఆమె కెమెరా చూపులోకి వచ్చేసింది. నీటి అడుగు కళ్ళు ఆమెతో పాటే కదిలాయి. ఆమె ఆఖరి మెట్టు దాటి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, వంగి, ఏదో అన్నది. చంటిపిల్లను జోకొట్టేటప్పుడు అన్నంత మెల్లగా అన్నది. గట్టు మీదికి వినబడలేదు.

దగ్గరి పుస్తకం కళ్ళు మూసుకున్నది. తర్వాత దాని పక్కది. అలా కాళ్ళ దగ్గరి నుంచి దూరం దాకా, సందులో ఇంటింటికీ దీపాలు ఆరినట్టు, కళ్ళన్నీ మూతపడ్డాయి. రంగులు నీళ్ళలో విడిపోయాయి. నీళ్ళు ముందు ఎర్రగా, ఆ తర్వాత ఊదాగా, చివరికి ఉత్త మట్టి రంగుగా మారాయి.

జనం ఒక్కొక్కరే వంగి అడుగు మట్టి పిడికెడు తీసుకున్నారు. సాగనంపిన తర్వాత ఆ మట్టి ఇంటికి తీసుకుపోతారు. కొందరు బియ్యం డబ్బాలో వేసుకుంటారు, కొందరు మొక్క మొదట్లో వేస్తారు. సూర్యప్రభమ్మ కూడా తీసుకున్నది. ఆఖరి మనిషి గట్టెక్కేసరికి రీలు అయిపోయి, దాని తోక కెమెరాలో టపటపా కొట్టుకున్నది.

*

విఠల్‌రావు ముందు సుగుణమ్మను పట్టుకున్నాడు.

"నీళ్ళల్లకు వంగి ఏమన్నది అమ్మ?"

"ఏమంటది," అన్నది సుగుణమ్మ చీర కుచ్చెళ్ళు పిండుతూ. "'మళ్ళ రాస్త, పండుకోండ్రి' అన్నది."

సూర్యప్రభమ్మ దేవిడి అరుగు మీద కూర్చుని ఉన్నది. ఒక పిడికిలి మూసే ఉన్నది. విఠల్‌రావు ఎదురుగా నిలబడ్డాడు. ఏం చెప్పాలో మెట్లు ఎక్కినంతసేపూ వెతుక్కున్నాడు. 

"ఎవరన్న ఏడ్చిన్రా?" అని అడిగింది ఆమె.

"లేదమ్మా."

"ఎవరన్న అడ్డమొచ్చిన్రా?"

"రాలే."

"ఒక్కటన్న పైకి తేలిందా?"

"తేలలే."

"మరి ఫెయిలైన పిల్లగాని లెక్క అట్ల నిలబడ్డవేంది?"

"మీరు రాసినట్టు గాలే గదమ్మా," అన్నాడు విఠల్‌రావు. "ముంచి పోలే. నిలబడి చూసిన్రు. బొట్లు పెట్టిన్రు, మట్టి తీస్కపోయిన్రు. మీరు గూడ... మీరు గూడ బొమ్మల పడ్డరు."

సూర్యప్రభమ్మ బావి వైపు చూసింది. అక్కడ గుండయ్య, భార్య నారాయణపేట చీరకు అంటిన రంగులను చూసి లొల్లి పెడుతున్నాడు. సుగుణమ్మ అతణ్ణి పట్టించుకోకుండా రుక్మాబాయితో మాట్లాడుతున్నది.

"నేను రాసింది ఆ పట్నం," అన్నది సూర్యప్రభమ్మ. "ఇది షాలిబండ. ఈడ ముంచి ఊకె పోరు. నాకు యాది లేకపాయె."

"అయితె కథ..."

"ఇట్లనే ఉంచు. ఒక్క ముక్క గూడ కొయ్యకు. నన్ను గూడ." ఆమె లేచి, తడి చీర దులుపుకుని, ఆ మూసిన పిడికిలితోనే ఎత్తు ఎక్కి ఇంటికి పోయింది. ఎండలో గొడుగు తెరవడం మరిచిపోయింది.

విఠల్‌రావు ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. అతడు పెద్దమనుషులను చాలామందినే చూశాడు. తాము అన్న మాట తప్పని తేలినప్పుడు ఇంకా గట్టిగా అన్నవాళ్ళే వాళ్ళలో ఎక్కువ.

*

మద్రాసులో కూర్పు పని అయ్యేసరికి చలికాలం వచ్చింది. ఆఖరి రీలు చూసినప్పుడు ఎడిటరు కత్తెర బల్ల మీద పెట్టేశాడు. తెర మీద నీటి అడుగు నుంచి వందల కళ్ళు చూస్తున్నాయి. ఆ రోజు వాటి చూపు సూర్యప్రభమ్మ కుర్చీ మీద నిలిచింది, ఆ కుర్చీ కెమెరా పక్కనే ఉన్నది. అందుకని సినిమా చూస్తున్నవాళ్ళకు అవి తమనే చూస్తున్నట్టు ఉన్నది. ఒక ముసలావిడ దిగి వచ్చి ఏదో చెప్పేదాకా ఎవరూ కుర్చీలో కదలలేకపోయారు. ఆ మాట ఏమిటో తెర మీద వినిపించాలా అని ఎడిటరు అడిగాడు. వద్దన్నాడు విఠల్‌రావు. ఎవరికి కావలసింది వాళ్ళు వింటారు.

ఊళ్ళో మొదటి ఆట వేసే రోజు పొద్దున అతడు సూర్యప్రభమ్మను తీసుకుపోవడానికి రిక్షా మాట్లాడుకుని షాలిబండ వచ్చాడు. పచ్చ తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. తోసి లోపలికి పోయాడు.

సూర్యప్రభమ్మ వరండాలో చాప మీద కూర్చుని రాస్తున్నది. చిక్కుడుకాయలు ఒక పక్క ఒలవకుండానే ఉన్నాయి. చాప నిండా కాగితాలు. గాలికి ఎగరకుండా ఒక దొంతర మీద రోకలి, ఇంకో దొంతర మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. ఆమె ముందు గచ్చు మీద చిన్న పూలకుండీ ఉన్నది. అందులో మొక్క లేదు, బావి నుంచి తెచ్చుకున్న మట్టి ఉన్నది. మట్టికి రెండు కళ్ళున్నాయి, ఆవగింజలంత. అవి ఆమె కలం వెంబడి ఎడమ నుంచి కుడికి పోతున్నాయి, పంక్తి అయిపోగానే మళ్ళీ ఎడమకు వస్తున్నాయి.

"అమ్మా, రిక్షా తెచ్చిన."

"ఎందుకు?"

"సినిమాకు. ఇయ్యాల మొదటి ఆట."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"మంచిగొచ్చిందా?"

విఠల్‌రావు నిజమే చెప్పాడు. "మంచిగొచ్చిందమ్మా."

"ఇంక నేనెందుకు?" అన్నది ఆమె తల ఎత్తకుండా. "నాకు పనున్నది. మాటిచ్చిన, ఇది ఒక్క పూట గూడ ఊకుంటలేదు. నిన్న జర కన్ను అంటుకుంటె, లేచేదాక గుడ్లురిమి చూసింది."

మట్టి కళ్ళు కాగితం మీంచి లేచి విఠల్‌రావును చూశాయి. పనివేళ వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాయి. మళ్ళీ కాగితం మీదికి పోయాయి.

అతడు చెప్పులు చేతిలో పట్టుకుని, అరికాళ్ళ మీద నడిచి బయటికి వచ్చి, తలుపులు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

"పంతులమ్మ రాదా సాబ్?" అని అడిగాడు రిక్షా మల్లన్న.

"రాదు. పనిల ఉన్నది." విఠల్‌రావు రిక్షా ఎక్కి కూర్చున్నాడు. "మెల్లగ పో మల్లన్నా. సందు దాటేదాక బెల్లు కొట్టకు."